ఆన్‌లైన్ తరగతిలో విద్యార్థులు నోరు విప్పకపోతే అధ్యాపకులు ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయనగరం జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు సాయంత్రం వేళ ఆన్‌లైన్‌లో అకౌంటెన్సీ కోర్సు నడుపుతున్న ఒక అధ్యాపకురాలు తన ఇబ్బందిని రాశారు. కోర్సులో 62 మంది చేరారు, ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది. కెమెరాలన్నీ ఆపి ఉంటాయి, "సందేహాలున్నాయా?" అని అడిగితే ఒక్కరూ పలకరు. వాట్సాప్ గ్రూపు మాత్రం శుభోదయాలతో, పండగ బొమ్మలతో నిండిపోతోంది. చిన్న పరీక్ష పెట్టి చూస్తే సగం మందికి మొదటి వారం పాఠమే పట్టుబడలేదని తేలింది. కెమెరా తప్పనిసరి చేయాలా, సొంత ఫోన్ నంబరు ఇవ్వాలా, రాత్రి పదింటికి వచ్చే సందేశాలకు కూడా జవాబు చెప్పాలా అన్నవి ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

ముందుగా సూటిగా చెబుతాను. కెమెరా తప్పనిసరి చేయకండి. "సందేహాలున్నాయా?" అని అడగడం ఈ రోజుతో మానేయండి. దానికి బదులు ప్రతి పాఠంలోనూ రెండుసార్లు, ప్రతి విద్యార్థీ మీకు ఒక్కరికే కనబడేలా రాసి పంపవలసిన చిన్న ప్రశ్న ఒకటి ఇవ్వండి. సొంత నంబరు ఇవ్వకండి, కోర్సు కోసం వేరే నంబరు పెట్టుకోండి. మీరు జవాబులిచ్చే వేళ ఏదో ముందే ప్రకటించి ఆ వేళకు తప్పకుండా జవాబివ్వండి. అన్నిటికన్నా ముందు ఆ 62 మందికీ పేరుపేరునా ఒక్కొక్క సందేశం రాయండి. ఆన్‌లైన్‌లో మొదటి మాట అధ్యాపకులదే కావాలి. విద్యార్థి తనంతట తానే వచ్చి అడుగుతాడని కూర్చుంటే కోర్సు ముగిసే నాటికి కూడా అడగడు.

నేను శ్రీకాకుళంలో 19 ఏళ్లుగా కామర్స్ చెబుతున్నాను. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు అందరిలాగే నేనూ ఫోన్ ముందు కూర్చుని పాఠం చెప్పడం మొదలుపెట్టాను. తర్వాత గదులు తెరుచుకున్నా, ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవారి కోసం ఏటా రెండు ఆన్‌లైన్ కోర్సులు నడుపుతూనే ఉన్నాను. దానితోపాటు కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం మీద కోర్సులు చేసే మా పిల్లలకు తోడుగా ఉండి, వారం వారం వారి అభ్యాసాలు చూసే పని కూడా నాదే. కింద రాసేదంతా ఈ అనుభవంలో నేను నేర్చుకున్నది, కొంత పొరపాట్లు చేసి నేర్చుకున్నది.

మౌనమంటే సందేహం లేకపోవడం కాదు. గదిలో పాఠం చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే వంద సూచనలు అందుతాయి. వెనక బెంచీలో కలం ఆగిపోతుంది, ఒక అమ్మాయి పక్కనున్న నోటుపుస్తకంలోకి తొంగి చూస్తుంది, ముందు వరసలో ఒకడి నుదురు ముడిపడుతుంది. ఆ మాత్రం చాలు, మనం ఆగి మళ్లీ చెబుతాం. విద్యార్థి అడగలేదు, అయినా అడిగినట్టే అయింది. తెర మీద ఇవేవీ కనబడవు. అందువల్ల గదిలో అడగకుండానే జవాబు దొరికిన పిల్లవాడు ఆన్‌లైన్‌లో మొట్టమొదటిసారిగా నోరు తెరిచి అడగవలసి వస్తుంది, అది కూడా అరవై మంది వింటుండగా. మనం దాన్ని నిర్లక్ష్యమని అనుకుంటాం, కాని అతనికి అది ఒక్కసారిగా పెరిగిపోయిన బరువు.

దూరవిద్యను గురించి ఆలోచించినవారిలో మైకేల్ మూర్ అనే విద్యావేత్త ఒక మంచి మాట చెప్పారు. దూరవిద్యలో అసలు దూరం కిలోమీటర్లలో ఉండదని, గురువుకూ విద్యార్థికీ మధ్య సంభాషణ ఎంత ఉందో, కోర్సు కట్టుదిట్టం ఎంత బిగువుగా ఉందో వాటిని బట్టి ఆ దూరం పెరుగుతుందని, తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. నాకు ఇది రోజూ కళ్లెదుట కనబడే సంగతి. ఎచ్చెర్లలో నా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న విద్యార్థి ఆరు వారాలు నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. సంపాదన కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన ఒక మత్స్యకార కుటుంబంలోని కుర్రవాడు మాత్రం అక్కడి నుంచే ప్రతి మంగళవారం తన లెక్క పంపి దిద్దించుకునేవాడు.

మీ ప్రశ్నలో "ఒక్కరూ పలకరు" అన్న చోట ఒక చిన్న లెక్క అడుగుతాను. మీరు అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదులను గమనించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే చాలు, జవాబులు పెద్దవవుతున్నాయని, ఇంకా ఎక్కువ మంది మాట్లాడుతున్నారని చూపించారు. అది ఎదురెదురుగా కూర్చున్న గదిలో సంగతి. మన పిల్లల విషయంలో ఫోన్ తెర ఆరిపోయి ఉంటుంది, దాన్ని వెలిగించాలి, మ్యూట్ గుర్తు వెతకాలి, నొక్కాలి, ఇంట్లో టీవీ తగ్గించమని చెప్పాలి. ఇదంతా అయ్యేసరికి ఇరవై సెకన్లు పడుతుంది. నేను ప్రశ్న వేశాక గడియారం చూసుకుని పూర్తిగా రెండు నిమిషాలు ఆగుతాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేనట్టుగా ఉంటుంది. రెండో వారానికి పిల్లలకు అలవాటవుతుంది, మనకు కూడా.

అయితే ఎంతసేపు ఆగినా, అడిగిన ప్రశ్న సరైనది కాకపోతే ఫలితముండదు. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు ఉంటుంది, "అయింది మాస్టారూ" అని. కాదనడం మర్యాద కాదని పిల్లలు చిన్నప్పటి నుంచి నేర్చుకున్నారు. అందుకని నేను ఇలాంటి ప్రశ్న వేస్తాను: "పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి టెక్కలి దుకాణదారుకు 40,000 రూపాయల సరుకు అరువు మీద అమ్మాడు. ఏ ఖాతా డెబిట్ చేస్తారు, ఏది క్రెడిట్ చేస్తారు? ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. రెండు నిమిషాలు." జూమ్‌లో అయితే సందేశం నాకు ఒక్కడికే వచ్చేలా ముందే అమర్చి పెడతాను. గూగుల్ మీట్ వాడిన రోజున గూగుల్ ఫారం లంకె ఇస్తాను. పక్కవాడు ఏం రాశాడో ఎవరికీ కనబడకూడదు, అదే ఇందులో ముఖ్యం.

జవాబులు వస్తాయి. దుకాణదారు ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్ అని కొందరు సరిగా రాస్తారు. నగదు ఖాతా డెబిట్ అని చాలామంది రాస్తారు. ఇప్పుడు నాకు తెలిసింది ఏమిటి? అమ్మకం అనగానే వారి మనసులో డబ్బు చేతికి వచ్చేస్తోంది. సరుకు వెళ్లడం ఒక సంగతి, డబ్బు రావడం ఇంకొక సంగతి అన్న తేడా వారికి ఇంకా కుదరలేదు. ఇది తెలిశాక నేను చెప్పవలసింది పాఠమంతా కాదు, ఆ ఒక్క ముడి విప్పితే చాలు. మీ 62 మందిలో ఒక్కరు కూడా గొంతు విప్పకపోయినా, తరగతి మొత్తం మీతో మాట్లాడినట్టే. ఇందులో తప్పు రాసినవారి పేరు ఎప్పుడూ పైకి చదవను. "కొందరు నగదు ఖాతా అని రాశారు, అలా అనిపించడానికి కారణముంది, చూద్దాం" అని మాత్రమే అంటాను.

తప్పును అందరి ముందు ఎత్తి చూపకూడదని నేను మొదట్లో ఎరగను. 2020 చివరలో ఒక కుర్రవాడు ధైర్యం చేసి మైకులో అడిగాడు. "మాస్టారూ, డబ్బులు రానేలేదు కదా, మరి అది ఆదాయమని ఎలగ రాస్తాం?" అన్నాడు. చక్కటి ప్రశ్న, అకౌంటెన్సీ మొత్తానికి మూలమైన ప్రశ్న. నేను మాత్రం జవాబు చెప్పే ముందు "ఎలగ కాదు, ఎలా" అని అతని యాసను దిద్దాను. అతను ఆ తర్వాత నా కోర్సులో ఒక్కసారి కూడా మైకు ఆన్ చేయలేదు. నెల తర్వాత ఫోన్ చేసి క్షమించమని అడిగాను, పరవాలేదు మాస్టారూ అన్నాడు, కాని మళ్లీ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

భాష సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన జిల్లాల్లో మౌనానికి సగం కారణం అదే అని నా నమ్మకం. డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమమయ్యాక పిల్లలు పాఠాన్ని ఇంగ్లీషులో వింటారు, దాన్ని తెలుగులో ఆలోచిస్తారు, అడగాలనుకునేసరికి మళ్లీ ఇంగ్లీషులో అడగాలేమో అని ఆగిపోతారు. తెలుగులో అడిగితే పుస్తకాల తెలుగులో అడగాలేమో అన్న భయం మరొకటి. మన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తానే సవర భాష నేర్చుకోవాలని నిశ్చయించుకుని, నేర్చుకుని, వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాట్లు చేశారు. అంత పని మనం చేయనక్కరలేదు. కోర్సు మొదటి రోజున "మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అడగండి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసినా సరే, గొంతు రికార్డు చేసి పంపినా సరే" అని స్పష్టంగా చెబితే చాలు. అలా చెప్పడంతోపాటు మనం కూడా ఒకటి రెండు జవాబులు అదే ధోరణిలో ఇవ్వాలి. లేకపోతే ఆ మాట వట్టి మర్యాదకు అన్నదని పిల్లలు వెంటనే కనిపెడతారు. సీతంపేట గిరిజన ప్రాంతం నుంచి వచ్చే పిల్లల విషయంలో ఈ జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ అవసరం, వారిలో కొందరికి తెలుగు కూడా బడిలో నేర్చుకున్న రెండో భాషే.

ఇక కెమెరా. మీ బాధ నాకు తెలుసు, నల్లటి గళ్లకేసి మాట్లాడుతూ ఉంటే బావిలోకి అరిచినట్టు ఉంటుంది. అయినా తప్పనిసరి చేయవద్దనే చెబుతాను. నరసన్నపేట దగ్గర పల్లె నుంచి నా కోర్సు చేసిన ఒక అమ్మాయిది ఒకే గది ఇల్లు. అందులోనే వంట, అందులోనే తమ్ముడి చదువు, మంచం మీద నాయనమ్మ. ఆమె వీధరుగు మీద, గోడకు ఆనుకుని, చున్నీ చెవుల మీదుగా కప్పుకుని పాఠం వినేది. కెమెరా ఆన్ చేయమని నేను పట్టుబట్టి ఉంటే ఆమె తన ఇంటిని యాభై మందికి చూపించవలసి వచ్చేది. చూపించేది కాదు, కోర్సు మానేసేది. దీనికి నేను కనుక్కున్న మార్గం చిన్న గుంపులు. శనివారం సాయంత్రం అయిదుగురు చొప్పున పావుగంట పిలుస్తాను. కెమెరా ఇష్టమైతే ఆన్ చేయవచ్చు అంటాను. అయిదుగురే ఉన్నప్పుడు ముగ్గురైనా ఆన్ చేస్తారు, చేయనివారు కూడా మాట్లాడతారు. మీ 62 మందికి పదమూడు గుంపులు అవుతాయి. వారానికి మూడు గుంపుల చొప్పున పిలిస్తే నెల రోజుల పైన కొద్ది రోజులకు అందరూ మీతో ఒకసారి ముఖాముఖి మాట్లాడినవారవుతారు. నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఈ పావుగంటే.

పేరుపేరునా సందేశం రాయడమంటే చాలామంది అధ్యాపకులు జడుస్తారు. లెక్క వేసి చూడండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అనుకుంటే 62 మందికి మూడు గంటల పైన కాస్త అవుతుంది. రోజుకు అరగంట చొప్పున వారం రోజుల పని. అయితే అందరికీ ఒకే స్వాగతం పంపి పేరు మార్చితే కుదరదు, పిల్లలు ఒకరి ఫోన్ ఒకరు చూసుకుంటారు. మొదటి వారంలో నాలుగు ప్రశ్నలతో ఒక ఫారం పంపుతాను: ఏ ఊరి నుంచి చదువుతున్నారు, రోజులో ఏ వేళ మీకు ఫోన్ దొరుకుతుంది, ఆ ఫోన్ ఎవరిది, ఈ సబ్జెక్టులో మీకు భయమనిపించేది ఏది. వచ్చిన జవాబుల్లోంచి ఒక్క సంగతి పట్టుకుని రాస్తాను. "తరుగుదల లెక్కలంటే భయమని రాశారు, అది అయిదో వారంలో వస్తుంది, ఆ రోజు మీ జవాబు ప్రత్యేకంగా చూస్తాను" అని రాశాననుకోండి, అయిదో వారంలో ఆ మాట నిలబెట్టుకోవాలి. ఒక్కసారి నిలబెట్టుకుంటే ఆ విద్యార్థి కోర్సు చివరి దాకా మనతో ఉంటాడు.

ఫోన్ ఎవరిది అన్న ప్రశ్నను తేలికగా తీసుకోకండి. నా కోర్సుల్లో ప్రతిసారీ కొందరు "నాన్నది", "అన్నయ్యది" అని రాస్తారు. ఆ తండ్రి విశాఖలో తాపీ పనికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరితేనే ఆ పిల్లకు పాఠం. మనం మధ్యాహ్నం పంపిన సందేశం ముందు ఆయన చదువుతాడు. "మీ అమ్మాయి మార్కులు బాగోలేదు" అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం ఆ ఇంట్లో ఏం చేస్తుందో ఆలోచించుకుని రాయాలి. అందుచేత దిద్దుబాటు సందేశాల్లో మార్కులు రాయను, లెక్కను గురించి మాత్రమే రాస్తాను.

జవాబు త్వరగా రావడం కంటే చెప్పిన వేళకు రావడం ముఖ్యం. చికరింగ్, గామ్సన్ అనే ఇద్దరు విద్యావేత్తలు 1987లో డిగ్రీ స్థాయి బోధనకు ఏడు సూత్రాలు రాశారు. వాటిలో మొదటిది విద్యార్థికీ అధ్యాపకులకూ మధ్య సంపర్కాన్ని ప్రోత్సహించడం, మరొకటి ఎప్పటికప్పుడు దిద్దుబాటు అందించడం. ఎప్పటికప్పుడు అన్నదాన్ని నేను మొదటి ఏడు తప్పుగా అర్థం చేసుకున్నాను. ఫోన్ మోగిన ప్రతిసారీ, అన్నం తింటున్నా సరే, జవాబిచ్చాను. పిల్లలకు అదే అలవాటైంది. ఆ తర్వాత మా అమ్మగారు ఆసుపత్రిలో ఉన్న అయిదు రోజులు నేను ఫోన్ ముట్టలేదు. తిరిగి వచ్చేసరికి ముగ్గురు "మాస్టారూ, మా మీద కోపం వచ్చిందా?" అని రాసి ఉన్నారు, ఒకరు తన ప్రశ్నను చెరిపేసుకున్నారు. రోజూ అయిదు నిమిషాల్లో జవాబిచ్చే మనిషి అయిదు రోజులు పలకకపోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

అప్పటి నుంచి నా నియమం ఇది. సోమవారం నుంచి శనివారం వరకు రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా జవాబులిస్తాను. ఈ రోజు ఎనిమిదిన్నర తర్వాత వచ్చిన ప్రశ్నకు రేపు రాత్రికి జవాబు తప్పక వస్తుంది. ఆదివారం ఉండదు. జవాబు వెతకవలసి ఉంటే "మీ ప్రశ్న చూశాను, గురువారం చెబుతాను" అని ఆ రాత్రే ఒక్క ముక్క రాస్తాను. కాబట్టి రాత్రి పదింటికి వచ్చే సందేశం గురించి మీరు బాధపడవలసిన పని లేదు. పంపినవారికి ఆ వేళే తీరిక, పంపనివ్వండి. మీ వేళకు మీరు జవాబివ్వండి. దీనికోసం వేరే సిమ్ తీసుకుని అందులో వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే, మీరు లేని వేళల్లో దానంతట అదే వెళ్లే సందేశం ఒకటి అమర్చుకోవచ్చు. "మీ ప్రశ్న అందింది, రేపు రాత్రి ఏడు తర్వాత జవాబిస్తాను" అని తెలుగులో పెట్టండి. సొంత నంబరు ఇవ్వవద్దని నేను పైన అన్నది ఇందుకే. మీరు మహిళ కనుక మాత్రమే కాదు, మగవారికి కూడా ఇదే చెబుతాను.

వాట్సాప్ గ్రూపు విషయంలో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మామూలు గ్రూపులో చేరగానే ప్రతివారి ఫోన్ నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. నా కోర్సులో ఒక అమ్మాయికి గ్రూపులో నంబరు చూసిన మరొక విద్యార్థి నుంచి వరసగా అక్కరలేని సందేశాలు వచ్చాయి. ఆమె నాకు చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆ రోజే గ్రూపు తీసేశాను. ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడతాను. ఒక్కో జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు. సందేశం ఎవరికి వారికే వచ్చినట్టు ఉంటుంది, వారు ఇచ్చే జవాబు మనకు ఒక్కరికే వస్తుంది, ఒకరి నంబరు ఒకరికి తెలియదు. వారు మన నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకుని ఉండాలి, లేకపోతే సందేశం చేరదు. మొదటి రోజే ఆ పని చేయించండి. ఒకే సందేహం నలుగురికి వస్తే, అడిగినవారి పేరు తీసేసి, ప్రశ్ననూ జవాబునూ అందరికీ పంపుతాను. "ఈ ప్రశ్న నలుగురు అడిగారు" అన్న ఒక్క వాక్యం అయిదో విద్యార్థికి ధైర్యమిస్తుంది.

దిద్దుబాటు ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూపిస్తాను. బొబ్బిలి నుంచి ఒక విద్యార్థిని ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల పట్టిక), అంటే మన పాత పుస్తకాల్లోని అంకణా, రెండు వైపులా కలవడం లేదని నోటుపుస్తకం ఫోటో పంపింది. తేడా 900. ఫోటోలో ఆమె ఆ 900 చుట్టూ పెన్సిలుతో నాలుగుసార్లు సున్నా చుట్టి ఉంది, కాగితం అక్కడ కొంచెం చిరిగింది కూడా. తప్పు ఎక్కడో నాకు వెంటనే కనబడింది, 5,400 బదులు 4,500 అని ఎక్కించింది. ఆ అంకె కింద ఎర్రగీత గీసి పంపేస్తే అర నిమిషంలో పని అయిపోయేది. అలా చేయలేదు. నలభై సెకన్ల గొంతు సందేశం పంపాను: "అమ్మా, నీ తేడా 900. దాన్ని తొమ్మిదితో భాగించి చూడు. శేషం లేకుండా పోయిందంటే, ఎక్కడో రెండు అంకెలు అటూ ఇటూ మారి ఉండవచ్చు. చిట్టా (జర్నల్) లోంచి ఆవర్జా (లెడ్జర్) లోకి ఎక్కించినవి మాత్రం ఒకసారి పోల్చి చూసుకో. మిగతాదంతా బాగుంది, ముఖ్యంగా తరుగుదల సరిగా రాశావు." పదకొండు నిమిషాలకు ఆమె నుంచి ఫోటో వచ్చింది, 4,500 కొట్టివేసి 5,400 రాసి, పక్కన పెద్ద టిక్కు. ఆ వారం నుంచి ఆమె తోటివారి పుస్తకాల్లో కూడా తేడాలను తొమ్మిదితో భాగించడం మొదలుపెట్టింది.

రాతకంటే గొంతు సందేశం ఎందుకంటే, రాసిన దిద్దుబాటు ఎంత మెత్తగా రాసినా చదివేవారికి గద్దింపుగా వినబడే ప్రమాదముంది. గొంతులో ఉన్న ఆప్యాయత అక్షరాల్లోకి అన్నిసార్లూ రాదు. నిమిషం దాటనివ్వకండి, పేరుతో మొదలుపెట్టండి, బాగున్న ఒక సంగతిని నిజంగా ఉన్నప్పుడే చెప్పండి. లేని మెప్పు వారికి వెంటనే తెలిసిపోతుంది.

పాఠాల రికార్డింగులు ఎవరూ పూర్తిగా చూడడం లేదని కూడా రాశారు. యాభై నిమిషాల వీడియో ఫోన్‌లో చూడడం కష్టం. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియోల మీద 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నారని తేలింది. ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర ఒక్కో ప్రశ్న పెట్టండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే మీకు హాజరుపట్టీ.

కనబడకుండా పోయిన విద్యార్థి గురించి మీరు అడగలేదు, కాని ఆరో వారంలో ఉన్నారు కనుక చెబుతాను. ఈపాటికి ఎనిమిది పదిమంది రావడం మానేసి ఉంటారు. వారికి "కోర్సు మానేశావా?" అని రాయకండి. "మూడో వారం అభ్యాసం దాకా చేశారు, నాలుగోది కనబడలేదు. ఇక్కడి నుంచి అందుకోవాలంటే రెండు పాఠాలు చూస్తే చాలు, ఆ రెండింటి లంకెలు ఇవి" అని రాయండి. తిరిగి వచ్చే దారి ఎంత చిన్నదో చూపించాలి. సోంపేట వైపు ఒక కుర్రవాడు ఇలాగే ఆగిపోతే రాశాను, జవాబు లేదు. వారం ఆగి ఫోన్ చేస్తే చెన్నైలో ఉన్నాడు, బావతో కలిసి పనికి వెళ్లాడు. చదువు పోయిందనే అనుకున్నాడు. గడువు మార్చి ఇస్తే అక్కడి నుంచే పూర్తి చేశాడు. అందరూ ఇలా తిరిగి రారు. పదిమందికి రాస్తే ముగ్గురో నలుగురో వస్తారు. ఆ ముగ్గురి కోసమైనా పదిమందికీ రాయవలసిందే.

కరెంటు, నెట్ పోయినప్పుడు ఏం చేయాలో కూడా కోర్సు మొదట్లోనే చెప్పి ఉంచాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనకు తెలుసు. అప్పటికి నాకు ఆన్‌లైన్ కోర్సులు లేవు, కాని ఆ రోజులు గుర్తుండబట్టే ఒక నియమం పెట్టుకున్నాను. నెట్ లేనివారు కోర్సు నంబరుకు ఒక మామూలు ఎస్ఎంఎస్ పంపాలి, అదీ కుదరకపోతే మిస్డ్ కాల్ ఇవ్వాలి. గడువు దానంతట అదే వారం జరుగుతుంది, కారణం అడగను.

ఇందులో కొన్ని పరిమితులున్నాయి. నేను చెప్పినవి వంద మంది లోపు ఉన్న కోర్సులకు సరిపోతాయి. మూడు నాలుగు వందల మంది ఉంటే ఒక్కరి వల్ల కాదు. అప్పుడు కిందటి ఏడాది కోర్సు చేసినవారిలో మంచివారిని ఎంచుకుని, ముప్ఫై మందికి ఒకరు చొప్పున అప్పగించి, మీరు వారితో వారానికొకసారి కూర్చోవాలి. స్వయం కోర్సుల్లో వేలమంది చేరతారు. పాఠం చెప్పిన ఆచార్యులే ప్రతి ఒక్కరికీ జవాబివ్వడం సాధ్యం కాదు, సాధారణంగా సహాయకులు జవాబులిస్తారు. అందువల్ల ఆ కోర్సుల్లో చేరిన మన పిల్లలకు స్థానికంగా ఒక అధ్యాపకుడు తోడుండాలి. స్వయం మీద ఐఐటీల ఆచార్యులు చెప్పే ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సుల్లో వారం వారం వచ్చే అభ్యాసాల్లో మెరుగైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు ఉంటాయి. ఒకటి రెండు వారాలు తప్పగానే అంతా పోయిందని మానేసే పిల్లలకు ఈ ఎనిమిది లెక్క ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. నేను ప్రతి సెమిస్టరులో చేసే మొదటి పని అదే.

అర్ధాంతరంగా, ఆరో వారంలో ఇదంతా మొదలుపెట్టవచ్చా అంటే తప్పకుండా పెట్టవచ్చు. ఈ సోమవారం తరగతిలో "ఇన్నాళ్లూ నేను అడిగిన తీరు మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఇకనుంచి మారుస్తున్నాను" అని మీరే చెప్పండి. పిల్లలు దాన్ని చిన్నతనంగా తీసుకోరు. ఆ రోజే కొత్త నంబరు, జవాబులిచ్చే వేళలు ప్రకటించండి. నాలుగు ప్రశ్నల ఫారం ఆ రాత్రి పంపండి. మొదటి వారం పాఠంలోంచి, అందరికీ పట్టుబడలేదని మీరు చెప్పిన ఆ పాఠంలోంచే, ఒక చిన్న ప్రశ్న తీసి మంగళవారం రాయించండి. వచ్చిన జవాబులను కుప్పలుగా వేరు చేయండి. సరైనవి ఒక కుప్ప, ఒకే రకమైన తప్పున్నవి ఒక్కో కుప్ప. ఆ కుప్పల్లో మీకు ఎటూ తేలనిది ఏదైనా ఉంటే, విద్యార్థుల పేర్లు తీసేసి, వారు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఈ ప్రశ్న కిందే పెట్టండి. రాత్రి ఏడు తర్వాత చూసి రాస్తాను.